బావ థాంక్స్ చెప్పని పూట

టైలరు బావకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒక్కటే. థాంక్స్ చెప్పకుండా ఉండలేడు. మిగతా జబ్బులన్నీ తర్వాత వచ్చి చేరినవే.

థాంక్స్ అంటే మనం చెప్పే థాంక్స్ కాదు. మనం పెదవి చివర్నుంచి ఒక ముక్క విసిరేసి మన దారిన మనం పోతాం. బావ అలా కాదు. ఆగాలి. ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి. చెయ్యి గుండె మీద వేసుకోవాలి. ఎందుకు చెబుతున్నాడో విడమరిచి చెప్పాలి. "మీరు ఇందాక కాస్త పక్కకి జరిగారు చూడండీ, అదే మీరు జరక్కపోతే నేను అటువైపు నుంచి చుట్టి రావాలి, అటు చూస్తే బురద, బురదలో కాలేస్తే చెప్పు జారుతుంది..." అని మొదలుపెట్టేవాడు. జరిగిన పాపానికి ఆ మనిషి, ఆ జారని చెప్పు కథంతా నిలబడి వినేవాడు.

లిఫ్టులో 'తలుపులు మూసుకుంటున్నాయి' అని చెప్పే ఆడగొంతుకి కూడా బావ థాంక్స్ చెప్పేవాడు. గడ్డం గీసే మంగలికి గీత గీతకీ చెప్పబోయి, గడ్డం కదిలి, కత్తి గీరుకుని, దూది పెట్టినందుకు మళ్లీ చెప్పేవాడు. ఒకసారి ఎవరో పొరపాటున ఫోన్ చేస్తే, "పోనీలెండి, మీ పుణ్యమా అని మా ఫోను పనిచేస్తోందని తెలిసింది, థాంక్స్" అన్నాడు. ఆ మనిషి ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి ఇంట్లో వాళ్ల క్షేమం కనుక్కుంటాడు. ఆయనెవరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

బావ కుట్టేది ప్యాంట్లు. ఆయన కొలతలు తీసుకుంటుంటే షాపు బయటికి ఇలా వినిపించేది: "కాలు కొంచెం ఎడంగా పెట్టండి. థాంక్స్. ఇటు తిరగండి. థాంక్స్. పొట్ట లోపలికి లాక్కోకండి, ఎంతుందో అంత ఉండనివ్వండి, మన దగ్గర దాపరికాలెందుకు. థాంక్స్."

ఇలాంటి మనిషికి భార్య తమ్ముడుగా దొరికినవాడు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం గుమస్తా. పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు సాయంత్రం లేచేదాకా, కొళాయి రాలేదనీ, వచ్చిన నీళ్లు పచ్చగా ఉన్నాయనీ ఊరు ఊరంతా వచ్చి అతని మీద అరిచి వెళ్లేది. విని విని అతనికీ అదే భాష పట్టుబడింది. టీ వేడిగా ఉంటే నాలుక కాలిందనేవాడు, చల్లారితే టీయే కాదనేవాడు. "బాగున్నావా?" అని ఎవరైనా అడిగితే, "బాగుండటానికి ఇక్కడేముంది?" అనేవాడు. ఇద్దరూ కలిసి వీధిలోకి వెళితే, బావమరిది ముందు నడుస్తూ ఎదురైనవాళ్లతో తగువు పెట్టుకునేవాడు, బావ వెనక నడుస్తూ వాళ్లందరికీ థాంక్స్ చెప్పుకుంటూ వచ్చేవాడు.

"నాకు దొరికిన మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఒక గిన్నెలో పోసి కలియబెడితే ఒక మామూలు మనిషి తయారవుతాడు," అనేది అక్క.

ఆ అక్కే ఒకరోజు తమ్ముణ్ణి ఆదరాబాదరాగా పిలిపించింది.

"ఒరేయ్, మీ బావ బాత్రూంలోకి వెళ్తే బయటికి రావట్లేదురా. పైగా లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు."

బావమరిది తలుపుకి చెవి ఆనించాడు. లోపలి నుంచి బావ గొంతు మెల్లగా, బతిమాలుతున్నట్టు వినబడింది. "వచ్చావా? థాంక్స్... మళ్లీ ఆగిపోయావేం? పర్లేదులే, నీకేం ఇబ్బందో... వచ్చినంతవరకూ థాంక్స్."

బయటికి రాగానే బావమరిది పట్టుకున్నాడు. "ఎన్నాళ్లనుంచి బావా ఇది?"

"ఏది?"

"ఈ బతిమాలుకోవడం."

"కాస్త నిదానంగా వస్తోంది, అంతేరా. ఇప్పుడు తొందరెవరికి?"

"మా ఆఫీసుకి ఇలాంటి ఫిర్యాదొస్తే వీధి మొత్తం తవ్వేస్తాం, తెలుసా?"

"వద్దు, వద్దు," అన్నాడు బావ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. "అడిగినందుకు మాత్రం థాంక్స్."

ఆ మర్నాడే బావమరిది అక్కని వెంటబెట్టుకుని, ఆయన్ని చెయ్యి పట్టుకుని మూత్రకోశ వ్యాధుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"వయసుతో పాటు ప్రొస్టేట్ గ్రంథి పెరుగుతుందండీ. మూత్రం వచ్చే దారి దాని మధ్యలోంచే వెళుతుంది. ఇప్పుడది బాగా పెరిగి దారిని నొక్కేస్తోంది. ఆపరేషను చెయ్యాలి. భయపడకండి, పొట్ట కొయ్యం. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపించి, లేజరుతో అడ్డం తీసేస్తాం. కోత లేదు, కుట్టు లేదు."

"కుట్టు లేదా?" బావ మొహం వాడిపోయింది. ఆయన దృష్టిలో కుట్టు పడకుండా ఏ పనీ పూర్తయినట్టు కాదు.

"లేదండీ. కానీ చిన్నదైనా ఆపరేషను ఆపరేషనే. కొన్నాళ్లు మూత్రంలో రక్తం కనిపించొచ్చు."

"థాంక్స్ అండీ."

"మంట ఉండొచ్చు."

"థాంక్స్."

"రక్తం గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడొచ్చు. గొట్టం తీశాక మూత్రం రాకపోతే మళ్లీ పెట్టాల్సి రావొచ్చు. కొన్ని వారాలు ఆపుకోవడం కష్టం కావొచ్చు."

"థాంక్స్. చాలా థాంక్స్."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి నేను మీకిస్తున్న బహుమతులు కావండీ. రాగలిగిన ఇబ్బందులు."

"ముందే చెబుతున్నారు కదండీ, అదే గొప్ప. ఈ గుడ్డ ఉతికితే పొట్టవుతుందని నేను ముందే చెబితే కొందరు నన్నే కోప్పడతారు. నేనలాంటివాణ్ణి కాదు."

డాక్టరు గొంతు తగ్గించాడు. "ఇంకొకటి. ఆపరేషను తర్వాత... దాంపత్యంలో... వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లిపోవచ్చు. దానివల్ల హాని ఏమీ లేదు."

అక్కకి ఉన్నట్టుండి గోడ మీది క్యాలెండరు మీద శ్రద్ధ కలిగింది. బావమరిది ఫ్యాను రెక్కలు తిరుగుతున్నాయో లేదో పరిశీలించాడు. బావ ఒక్కడే డాక్టరు కళ్లలోకి చూసి, చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. "దీనికి మరీ థాంక్స్ అండీ. చెప్పడానికి మీకెంత మొహమాటం వేసుంటుందో!"

ఆపరేషను బాగానే జరిగింది. నడుం కింద మాత్రమే మత్తిచ్చారు కాబట్టి నోరు ఖాళీగా ఉంది. డాక్టరు బయటికొచ్చి నుదురు తుడుచుకుంటూ చెప్పాడు. "చేస్తున్నంతసేపూ థాంక్సేనండీ. చివరికి మత్తు డాక్టరు నా చెవిలో, నోటికి కూడా కాస్త ఇవ్వమంటారా అని అడిగారు."

వార్డులో బావకి మూత్రం గొట్టం పెట్టి, మంచం పక్కన సంచీ వేలాడదీశారు. పైనుంచి సెలైన్ గొట్టంలోంచి మూత్రాశయంలోకి వెళ్లి, లోపల కడిగి, లేత ఎరుపు రంగులో కింది సంచీలోకి దిగుతోంది. బావ దాన్ని చూసి మురిసిపోయాడు. "చూశావురా, మనం ఏమీ అడక్కుండానే దానంతటదే వచ్చేస్తోంది."

మర్నాడు మధ్యాహ్నానికి ఆ అంతస్తులో బావ పేరు మోగిపోయింది. ఊడ్చేవాళ్లు, దుప్పట్లు మార్చేవాళ్లు కావాలని ఆ గదివైపు వచ్చి, ఒక థాంక్స్ తీసుకుని వెళుతున్నారు. కొత్తగా చేరిన నర్సు ఒకామె గుమ్మంలోంచి తొంగి చూసి అడిగింది. "నొప్పేమైనా ఉందా అంకుల్?"

"ఏం లేదమ్మా. థాంక్స్. నువ్వెళ్లు."

ఆమె వెళ్లింది. అక్క మందులకని కిందికి దిగింది. బావమరిది కుర్చీలో కూర్చుని, కుర్చీ గురించే మాట్లాడుతున్నాడు. "దీన్ని తయారుచేసినవాడికి నడుమనేది లేదు బావా. ఉంటే ఇలా చెయ్యడు. ఉండు, నీ దిండు జారింది." లేచి, సణుగుతూనే దిండు సర్దాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటో అంతు పట్టలేదు. లేచి గ్లాసులో నీళ్లు పోసి బావ నోటికి అందించాడు. బావ తల అడ్డంగా ఊపాడు. అంతే.

అప్పుడు వెలిగింది బావమరిదికి. దిండు సర్దితే థాంక్స్ లేదు. నీళ్లిస్తే థాంక్స్ లేదు. వంగి చూశాడు. బావ నుదుటి నిండా చెమట. పెదవులు బిగించి ఉన్నాయి. మంచం కడ్డీని పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయాయి.

"బావా! ఏమైంది?"

బావమరిది కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వరండాలోకి పరుగెత్తి అరిచాడు. "సిస్టర్! మా బావ థాంక్స్ చెప్పడం లేదు!"

ఇంకే ఆసుపత్రిలోనైనా ఈ మాటకి నవ్వేవాళ్లు. ఆ అంతస్తులో మాత్రం ఎవరూ నవ్వలేదు. కొత్త నర్సు చేతిలో డబ్బా పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. దుప్పటి తొలగించి చూసింది. పైనుంచి సెలైన్ దిగుతూనే ఉంది. కింద సంచీలోకి చుక్క రావట్లేదు. పొట్ట కింది భాగం రాయిలా బిగుసుకుపోయింది. గబగబా సెలైన్ ఆపేసి, డాక్టరుకి కబురు పంపింది.

డాక్టరు వచ్చి పెద్ద సిరంజి తీసుకున్నాడు. గొట్టంలోంచి సెలైన్ ఎక్కించడం, వెనక్కి లాగడం, మళ్లీ ఎక్కించడం, మళ్లీ లాగడం. నల్లటి రక్తపు గడ్డలు ఒకటొకటిగా వచ్చాయి. బావమరిదికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. మొహం గోడవైపు తిప్పుకుని, బావ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈ బక్క మనిషి చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటి అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యాలనిపించలేదు. ఆ గోడకి పెచ్చులూడిపోయి ఉన్నా సరే.

చివరికి ఏదో తెగినట్టు సంచీలోకి ధార పడింది. బావ గుండెల్లోంచి పెద్ద ఊపిరి వచ్చింది. పెదవులు కదిలాయి.

"థా..."

"చెప్పు బావా! చెప్పు!"

"థాంక్స్ అండీ డాక్టరు గారూ. మీరు సమయానికి..."

గుమ్మంలో అక్క మందుల సంచీ పట్టుకుని నిలబడి ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుని అంది. "అననీయండి. ఎవరూ అడ్డు రాకండి. ఎంతసేపైనా అననీయండి."

గండం గడిచాక బావమరిదికి మళ్లీ తన భాష గుర్తొచ్చింది. వరండాలో హెడ్ నర్సు అప్పటికే కొత్త నర్సుని నిలబెట్టి చీవాట్లు పెడుతోంది. తను కూడా వెళ్లి నాలుగు కలుపుదామని చొక్కా చేతులు పైకి మడిచాడు. అంతలో గదిలోంచి నీరసంగా, కానీ అందరికీ వినబడేలా బావ గొంతు వచ్చింది.

"అమ్మా, హెడ్ సిస్టరు గారూ! తప్పు నాది. ఆ అమ్మాయి వచ్చి అడిగింది. నేనే నొప్పి లేదన్నాను. అబద్ధం చెప్పాను. ఆమె పరుగెత్తుకొచ్చింది కాబట్టి బతికాను."

అందరూ వెళ్లిపోయాక బావమరిది మంచం మీదికి వంగాడు. "నొప్పి ఉండి లేదని ఎందుకన్నావు?"

"ఆ పిల్ల తిండి డబ్బా మూత తీసింది, ఎవరో పిలిచారు. వచ్చి మళ్లీ తీసింది, ఇంకెవరో పిలిచారు. మళ్లీ నేను కూడా పిలవాలా? తినేదాకా ఆగుదామనుకున్నాను."

"ఆ పిల్ల తినేలోపు నీ మూత్రాశయం పగిలేది బావా!"

"నువ్వున్నావుగా. నీకు..."

"వద్దు! నాకు చెప్పావంటే నేనిప్పుడే వెళ్లిపోతాను."

డాక్టరు మాత్రం ఊరుకోలేదు. "గడ్డ అడ్డం పడొచ్చని నేను మీకు ముందే చెప్పాను. నొప్పి దాచిపెడతారని మీరు నాకు చెప్పలేదు," అని గట్టిగానే మందలించాడు. "ఇకనుంచి ముందు ఇబ్బంది చెప్పండి. ఆ తర్వాతే థాంక్స్."

బావ ఆ ఆజ్ఞని తు.చ. తప్పకుండా పాటించాడు. "మంటగా ఉంది, థాంక్స్." "గొట్టం గుచ్చుకుంటోంది, థాంక్స్."

తర్వాత గొట్టం తీసి, నీళ్లు తాగించి, వరండాలో నడిపించారు. రాలేదు. అక్క కొళాయి తిప్పి ఆ చప్పుడు వినిపించింది. అయినా రాలేదు. "నీళ్లు వృథా," అని బావమరిది కొళాయి కట్టేశాడు. మళ్లీ గొట్టం పెట్టి, సంచీతోనే ఇంటికి పంపించారు. లోపలి వాపు తగ్గితే అదే సర్దుకుంటుందన్నారు.

ఇంటికి రాగానే బావ చేసిన మొదటి పని మిషను ముందు కూర్చోవడం. ఒక వదులు ప్యాంటు తీసుకుని, లోపలివైపు సంచీకి సరిపడా జేబు, గొట్టం కదలకుండా పట్టీ కుట్టుకున్నాడు. "మొత్తానికి ఈ ఆపరేషన్లో ఒక కుట్టు పడింది," అని సంబరపడ్డాడు. ఒక సాయంత్రం, "చలేస్తోంది, ఒళ్లు కాలిపోతోంది, థాంక్స్," అన్నాడు. అక్క అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లింది. మూత్రంలో ఇన్ఫెక్షను. ఆలస్యం కాలేదు కాబట్టి మందులతోనే తగ్గింది.

రెండోసారి గొట్టం తీసేరోజు బావమరిది ఒక్కడే తోడు వెళ్లాడు. అక్క ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో, "వచ్చిందా? వచ్చిందా?" అని ఊదరగొడుతోంది. బావ టాయిలెట్లోకి వెళ్లాడు. బావమరిది ఊపిరి బిగబట్టి ఫోన్ని తలుపుకి ఆనించాడు. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత చప్పుడు. ఆగని చప్పుడు.

"విన్నావా అక్కా? ఒత్తిడి బాగుంది," అన్నాడు బావమరిది. ఉద్యోగంలో చేరాక అతను ఆ మాట అనడం అదే మొదలు.

లోపల బావ ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక కళ్లు తడిగా ఉన్నాయి. "థాంక్స్ చెబితే మధ్యలో ఆగిపోతుందేమోనని ఊరుకున్నానురా," అన్నాడు.

డాక్టరు సంతోషించి, ఒక హెచ్చరిక చేశాడు. "కొన్ని వారాలు తొందర ఎక్కువగా ఉంటుంది. వస్తోందనిపిస్తే ఇక ఆగదు. వెంటనే వెళ్లిపోండి." ఆ తర్వాత బావ ఆ అంతస్తంతా తిరిగి అందరికీ థాంక్స్ చెప్పాడు. కొత్త నర్సు దగ్గరికొచ్చేసరికి బావమరిది కూడా ఏదో అనాలనుకున్నాడు. అలవాటు లేని నోరు. "మీరిలా చూసుకుంటే ఎలాగమ్మా? రేపు ఇంట్లో మేమెంత చేసినా ఆయనకి ఆనదు," అన్నాడు. ఆమెకు అర్థమైంది, నవ్వింది.

స్కూటరు కుదుపులు వద్దన్నారని ఇద్దరూ బస్సెక్కారు. బావతో బావమరిది ఎప్పుడూ బస్సులో వెళ్లలేదు. సగం దూరం వెళ్లేసరికి బావ మొహం మారింది.

"వచ్చేస్తోందిరా."

కిటికీలోంచి చూస్తే రాబోయే స్టాపు పక్కనే పబ్లిక్ టాయిలెట్ బోర్డు. బావమరిది జనాన్ని తోసుకుంటూ దారి చేసి, బస్సు ఆగగానే ముందు దిగి చెయ్యి చాచాడు. బావ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, చెయ్యి గుండె మీద వేసుకున్నాడు.

"డ్రైవరు గారూ, థాంక్స్ అండీ. ఇందాక ఆ గతుకు దగ్గర మీరు బ్రేకు వేసిన తీరు చూశారూ..."

"బావా! దిగు! ఆగదన్నాడు డాక్టరు!"

"...అదే ఇంకొకరైతే ఎగరేసేవాళ్లు. ఎగిరితే నాలాంటివాడికి..."

లోపల జనం కేకలేస్తున్నారు. బావ మోకాళ్లు దగ్గరికి నొక్కుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. చెమటలు కారుతున్నాయి. అయినా మాట ఆపడే! "మీ చేతిలో స్టీరింగు ఉంటే, సూది చేతిలో దారంలాగ..."

సిగ్గుతో చచ్చిపోతున్న బావమరిది ఆయన చొక్కా పట్టుకు లాగుతుంటే, వెనకనుంచి టపటపా అడుగుల చప్పుడు. చంకలో పిల్ల, రెండో చేతిలో పెద్ద సంచీ, జారిపోతున్న చెప్పుతో ఒకావిడ పరుగెత్తుకొస్తోంది. వచ్చి, కడ్డీ అందుకుని, బావ పక్కనుంచి లోపలికి ఎక్కేసింది.

"...ఉంటానండీ," అని బావ వాక్యాన్ని అక్కడే తెంపేసి, కిందికి దూకి, బోర్డువైపు పరుగు తీశాడు.

బస్సు వెళ్లిపోయింది. బావమరిది దుమ్ములో అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో బావ థాంక్సులు ఎక్కడెక్కడ అంత పొడుగు సాగాయో, అప్పుడు వెనకాల ఎవరెవరు పరుగెత్తుకొస్తున్నారో తనెప్పుడూ తిరిగి చూడలేదు. చూడకుండానే చొక్కా పట్టుకు లాగాడు.

కాసేపటికి బావ బయటికొచ్చాడు.

"అందుకున్నావా?"

"చాలావరకు," అన్నాడు బావ ఇబ్బందిగా. "కొంచెం నాకంటే ముందే బయల్దేరింది."

బావమరిది చేతిలోని ఆసుపత్రి కాగితాల కవరు ఇచ్చాడు. బావ దాన్ని ప్యాంటుకి అడ్డంగా పట్టుకున్నాడు.

"ఇంతా చేస్తే ఆవిడ నీకు థాంక్స్ కూడా చెప్పలేదు."

"ఊపిరే ఆడట్లేదురా పాపం, ఏం చెబుతుంది?"

"మొదట్నుంచీ ఇదేనా నీ పని? బస్సులాపడం?"

"ఆపడమేమిటి! ఆయన నిజంగానే బాగా నడిపాడు. నాకు చెప్పాల్సింది ఉంది, ఆవిడకి రావాల్సింది ఉంది. రెండూ కలిసొచ్చాయి."

ఇంకో బస్సు వచ్చింది. బావ ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. బావమరిది ఎక్కబోతూ వీధి మలుపువైపు చూశాడు. చేతికర్ర ఊపుకుంటూ ఒక ముసలాయన, వీలైనంత త్వరగా, అంటే చాలా మెల్లగా, వస్తున్నాడు.

బావమరిదికి థాంక్స్ చెప్పడం రాదు. వచ్చిందేదో దాంతోనే పని కానివ్వాలి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఏమండీ డ్రైవరు గారూ! మెట్టు ఇంత ఎత్తు పెడితే మనుషులెలా ఎక్కుతారండీ?"

"ఎక్కితే ఎక్కండి, లేకపోతే దిగండి!"

"ఎక్కుతాను, ముందు నా మాట వినండి. ఈ కడ్డీ చూడండి, ఎలా ఊగుతోందో! ఆ హారనేమిటండీ, మనుషుల్ని పిలవడానికా తరమడానికా? ఆ అద్దం చూడండి..."

బస్సంతా అతన్ని తిడుతోంది. అతను అద్దం నుంచి చక్రాలకి, చక్రాల నుంచి పొగకి వెళ్లాడు. ముసలాయన మెట్టు దగ్గరికి రాగానే నోరు మూసేసి, చెయ్యందించి పైకి లాగాడు.

ముసలాయన రొప్పుతూ వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. కాస్త ఊపిరి తీసుకుని, డ్రైవరు కోపంగా చూస్తున్న మనిషివైపు వేలు చూపించాడు.

"ఎవరండీ అతను? మరీ అంత తగువులమారి!"

బావ కవరు సర్దుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"మా బావమరిదండీ," అన్నాడు.